మా చెల్లెలికి తెలియని పెళ్ళి సంబంధం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక కోడి ప్రాణం పోతుంది. ఖాయమైన పెళ్ళి ఒకటి పీటల దాకా రాకుండానే విరగబోతుంది. ఒక కుర్రాడు జైలు గుమ్మం దాకా వెళ్ళినంత పని అవుతుంది. ఏ పాపమూ ఎరగని మా చెల్లెల్ని, అది ఏలూరులో హాయిగా కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉండగా, నలుగురి ముందూ ఒకడు వద్దు పొమ్మంటాడు. ఇన్నిటికీ కారకుడు ఒక్కడే. వాడు నేనే. అప్పట్లో నాకు జుట్టు ఒత్తుగా ఉండేది, బుర్ర పల్చగా ఉండేది. ఇప్పుడు జుట్టు కూడా పల్చబడింది.

డెబ్బైల మొదట్లో మాట ఇది. నేను కొత్తగా ప్రొబేషన్ ఆఫీసరునై హైదరాబాదు వచ్చాను. ఆ ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. నిజానికి నాకూ కొన్నాళ్ళు అర్థం కాలేదు. చిన్న తప్పు చేసి మొదటిసారి దొరికిన వాణ్ణి జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని కోర్టులో రాయించుకుని ఇంటికి పంపేస్తారు. వాడు నిజంగా బుద్ధిగా ఉంటున్నాడా లేదా అని ఊరికి వెళ్ళి చూసి రావడం నా పని. ఉండకపోతే నేను రాస్తాను, వాడు జైలుకు వెళతాడు. నేను సరిగ్గా చూడకపోతే మా పెద్దాఫీసరు రాస్తాడు, నేను ఏలూరుకు వెళతాను. అందుకని నాకు రాత్రీ పగలూ గుండెదడే.

మా పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఒకే ఒక్క మాట నూరిపోశాడు.

"చూడవయ్యా, నువ్వెవరో ఊళ్ళో తెలియకూడదు. తెలిసిందంటే ఆ కుర్రాడికి దొంగ అన్న ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత వాడు బాగుపడదామన్నా ఊరు పడనివ్వదు. మామూలు మనిషిలా వెళ్ళు. మామూలుగా నలుగుర్నీ అడుగు. వాళ్ళలో కలిసిపో."

"కలిసిపోతానండీ" అన్నాను. ఎంతగా కలిసిపోతానో పాపం ఆయనకేం తెలుసు!

నాకిచ్చిన మొదటి కేసు నానక్‌రామ్‌గూడ మల్లేశం. ఇవాళ అద్దాల మేడల మధ్య ఎక్కడో ఇరుక్కుపోయిన ఆ ఊరు అప్పుడు బండరాళ్ళ నడుమ ఉండేది. చుట్టూ జొన్నచేలు, గొర్రెలు, రాళ్ళు. మల్లేశం ఆ రాళ్ళు కొట్టే పనిలో ఉండేవాడు. వాన పడుతున్న ఒక సాయంత్రం లింగంపల్లి స్టేషను బయట ఎవరిదో సైకిలు తీసుకుని తొక్కుకుంటూ పోయాడు. కొండాపూర్ మలుపు దగ్గర పట్టుబడ్డాడు. అప్పుడు వెనక కారియర్ మీద ఇంకో మనిషి ఉన్నాడట. తల మీద నుంచి కాళ్ళ దాకా గొంగడి కప్పుకున్న ఆ మనిషి చటుక్కున దూకి, జొన్నచేలో పడి, మాయమైపోయాడు. వాడెవడని పోలీసులు అడిగారు, కోర్టువారు అడిగారు. మల్లేశం నోరు విప్పలేదు.

మేజిస్ట్రేటుగారు మల్లేశాన్ని వదిలేస్తూ గట్టి షరతు ఒకటి పెట్టారు. ఆ గొంగడి మనిషే ఇతన్ని చెడగొడుతున్నాడు కాబట్టి, వాడితో ఇక ఏ పొత్తూ ఉండకూడదు. ఉన్నట్టు తేలితే జైలే.

ఆ గొంగడివాడు నాకు నిద్రలేకుండా చేశాడు. నా ఊహలో వాడికి కోరమీసాలు పెట్టాను, బుగ్గ మీద కత్తిగాటు పెట్టాను. మల్లేశం మా ఆఫీసుకు వచ్చినప్పుడు కూడా ముందు వాడి గురించే అడిగాను.

"వాడెవడో చెప్పు మల్లేశం. నీ మంచికే."

"దాని గురించి అడుగకుండ్రి సార్. ఒక్కటే దండం మీకు. మా అవ్వకు ఈ కేసు సంగతి తెల్వదు. తెలిస్తే బావిల దుంకుతది."

"చెప్పనులే" అని మాటిచ్చాను. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత నా పీకకు చుట్టుకున్నది ఇదే.

ఒక ఉదయం మెహదీపట్నం దాకా బస్సులో వెళ్ళి, అక్కడ కిరాయి సైకిలు తీసుకుని, గాలికి ఎదురు తొక్కి తొక్కి నానక్‌రామ్‌గూడ చేరాను. మల్లేశం పనికి వెళ్ళిన వేళ చూసుకునే వెళ్ళాను. వాడు లేనప్పుడే కదా ఊరు నిజం చెబుతుంది! చాయ్ దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, చాలా మామూలుగా మొదలుపెట్టాను.

"ఇక్కడ మల్లేశం అని ఉన్నాడు కదండీ, రాయి కొట్టే అబ్బాయి. ఎలాంటివాడంటారు?"

చాయ్ దుకాణం ఆయన గిన్నె దించి, నా ఇస్త్రీ చొక్కాను పైనుంచి కింద దాకా చూశాడు.

"ఏడికెళ్ళి వస్తున్నరు?"

"పట్నం నుంచండీ."

"నౌకరీనా?"

"అవునండీ, సర్కారు నౌకరీ."

ఆయన మొహం విప్పారింది. భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి నా పక్కనే కూర్చున్నాడు. "ఇగ అడుగు సారూ. ఏమడుగుతవో అడుగు."

"తాగుడూ గీగుడూ ఏమైనా..."

"పండుగకు జర కల్లు. గంతే."

"చీకటి పడితే ఇల్లు చేరతాడా?"

"దీపం వెట్టంగనే ఇంట్ల ఉంటడు."

"తల్లిని బాగా చూసుకుంటాడా? చెయ్యి చేసుకోవడం అలాంటివి..."

"అయ్యో, గోవు సారూ గోవు!"

నేను కాస్త ముందుకు వంగి అసలు ప్రశ్న వేశాను. "సావాసాలెలాంటివి? ఎవరితో తిరుగుతుంటాడు?"

ఆయన కూడా ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "మంచిగ అడిగినవ్. ఆడోల్ల దిక్కు కన్నెత్తి సూడడు."

నేనడిగింది అది కాదు. కానీ ఇంత సహకారం చూసి నాకు గర్వంగా ఉంది. ఇంతలో అటు పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. ఆగిన ప్రతివాడూ మల్లేశాన్ని పొగిడినవాడే. వాడి పళ్ళు గట్టివన్నారు, వాడి నడుము గట్టిదన్నారు, వాళ్ళ వంశంలో ఎవరికీ ఉబ్బసం లేదన్నారు. సైకిలు కేసుకీ ఉబ్బసానికీ ఏమిటి సంబంధమని నాకు ఒక్క క్షణమైనా అనుమానం రాకపోవడం చూస్తే, నాకు ఆ ఉద్యోగం ఎవరిచ్చారా అని ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

అక్కణ్ణుంచి మల్లేశం ఇంటికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ లచ్చవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చి, మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. ఆ ఇంటి గోడకు గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర వేలాడుతోంది. వాళ్ళలో కలిసిపోవాలి కదా, అందుకని నేనే కల్పించుకుని అన్నాను.

"మా తాతగారు కూడా గొర్రెలు కాచినవారేనండీ."

అబద్ధం కాదు. మా నాన్న హయాంలోనే మేము గొర్రెలు మాని గుమాస్తాలమయ్యాం. ఆ మాటతో లచ్చవ్వ కళ్ళు చెమ్మగిల్లాయి. "మనోల్లే" అంది పక్కింటామెతో. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకు చెల్లె ఉన్నదా బిడ్డా?"

"ఉందండీ."

"ఏమన్న సదివిందా?"

"ఎస్సెల్సీ ప్యాసయింది."

"పని పాట ఒస్తదా?"

"అన్నీ వచ్చు. ఊలుతో స్వెట్టర్లు అల్లుతుంది."

పల్లెటూరి వాళ్ళకు పరాయి మనిషి మీద ఎంత ఆపేక్ష అని మురిసిపోయాను. వచ్చే ఆదివారం భోజనానికి రమ్మంటే తప్పకుండా వస్తానన్నాను. తిరుగుదారిలో ఎదురుగాలి కూడా తెలియలేదు.

ఆదివారం వెళ్ళేసరికి వాకిలంతా పేడతో అలికి ముగ్గు పెట్టి ఉంది. లోపల్నుంచి కోడికూర వాసన. కొత్త రుమాళ్ళు చుట్టుకున్న ముసలివాళ్ళు మంచాల మీద వరసగా కూర్చున్నారు. నేను అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. నా ఎదురుగా కంచం పెట్టి లచ్చవ్వ కొసరి కొసరి వడ్డించింది. కోడికాలు నోట్లో పెట్టుకున్నానో లేదో, ఆవిడ సంతోషంగా మొదలుపెట్టింది.

"నీకోసం కొండాపూర్ సంబంధం ఆపిన బిడ్డా. నర్సయ్య బిడ్డ యాదమ్మ. మాట గూడ అనుకున్నం. గని పట్నం పిల్ల, సదువుకున్న పిల్ల వస్తనంటే ఎవలు కాదంటరు? పిల్లను ఎప్పుడు సూపిస్తవ్?"

నమలడం ఆగిపోయింది. చాయ్ దుకాణం, గట్టి పళ్ళు, ఉబ్బసం, మా చెల్లెలి స్వెట్టర్లు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఊరుగాని ఊరు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కుర్రాడు తాగుతాడా, తల్లిని చూసుకుంటాడా అని గుట్టుగా అడిగేవాడు ఈ భూమ్మీద ఎవడుంటాడు? పిల్లనివ్వడానికి వచ్చినవాడే ఉంటాడు! నేను ప్రొబేషన్ విచారణ అనుకున్నది ఆ ఊరికి అచ్చంగా పెళ్ళికొడుకు విచారణ.

అంతలో పరుగెత్తుకుంటూ మల్లేశం వచ్చాడు, ఒళ్ళంతా రాతిపొడి. "సార్తోని జర మాట్లాడేదున్నది" అని నన్ను ఎంగిలి చేత్తోనే ఇంటి వెనక బండ చాటుకు లాక్కుపోయాడు.

"ఏం జేసిన్రు సార్! నాకు ఇయ్యాలనే తెల్సింది. సంబంధం మాట్లాడుతరా మా అవ్వతోని?"

"నేను మాట్లాడలేదయ్యా! వాళ్ళే మాట్లాడేసుకున్నారు!"

"యాదమ్మను కాదంటే నేను బతుకుడే దండుగ సార్. ఆమె కోసమే గద నేను..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. "నర్సయ్య మామకు సంగతి తెల్సిందట. మనుషులను తీస్కొని వస్తుండు."

"భయపడకు. నేనిప్పుడే వెళ్ళి ఈ సంబంధం వద్దని చెప్పేస్తాను. అంతటితో సరి."

వాకిట్లోకి వచ్చి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా అన్నాను.

"అమ్మా, పెద్దలూ క్షమించాలి. ఈ సంబంధం మాకు కుదరదండీ."

సరిగ్గా అప్పుడే తన మనుషులతో వాకిట్లోకి వచ్చాడు నర్సయ్య. పొడుగాటి మనిషి, చేతిలో అంతకంటే పొడుగాటి గొర్రెల కర్ర. నాతో దెబ్బలాడదామని వచ్చినవాడు, నా మాట విని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కోపం పోయి ఆయన మొహంలోకి ఇంకేదో వచ్చింది. అది కోపం కంటే భయంకరంగా ఉంది.

"కుదరదా? ఎందుకు కుదరదు?" అన్నాడు మెల్లగా. "పట్నమోడివి. సర్కారు నౌకరోడివి. ఊరంత తిరిగి పిలగాని గురించి అర్సుకున్నవ్. ఇప్పుడు వద్దంటున్నవ్. అంటే పిలగానిల ఏదో ఐబు, ఏదో లోపం కనవడ్డదన్నట్టే గద?"

"అయ్యో, అదేం లేదండీ!"

"మరెందుకు వద్దంటవ్?"

నేను సరేనంటే యాదమ్మ పెళ్ళి చెడుతుంది. కాదన్నా యాదమ్మ పెళ్ళే చెడుతుంది. నిజం చెబితే మల్లేశం దొంగ అవుతాడు, లచ్చవ్వకు బావి, నాకు ఏలూరు. నర్సయ్య దగ్గరకు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి రాయిలా ఉంది గానీ గొంతు మాత్రం మెత్తబడిపోయింది.

"నాకు ఒక్కతే బిడ్డ సారూ. తల్లి లేని పిల్ల. ఈ పిలగానిల ఏం జూసినవో నాకు జెప్పు. నీకు గూడ చెల్లె ఉన్నదంటవు గద."

నిజంగా చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఆ తండ్రికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి అధికారం లేదు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. లచ్చవ్వ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మల్లేశం మొహం రాతిపొడి కంటే తెల్లగా పాలిపోయింది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఆయన వద్దనుడు కాదు!" అని అరిచాడు మల్లేశం. "నేనే వద్దన్న!"

వాకిలంతా వాడి వైపు తిరిగింది.

"ఇప్పుడే బండ ఎన్కకు తీస్కపోయి జెప్పిన. నాకు పట్నం పిల్ల వద్దు. యాదమ్మనే జేసుకుంట."

నర్సయ్య నా మణికట్టు వదలలేదు. "నిజమేనా సారూ?"

"నిజమేనండీ" అన్నాను. ఒకసారి మొదలుపెట్టాక నాలుక దానంతటదే సాగింది. "ఎంత బతిమాలినా ఒప్పుకోవడం లేదండీ. మా చెల్లెలు ఎస్సెల్సీ అన్నాను, స్వెట్టర్లు అల్లుతుందన్నాను. యాదమ్మ తప్ప ఇంకెవరూ వద్దంటున్నాడు. మా పరువు పోకూడదని నేనే ముందుగా కుదరదనేశాను. క్షమించండి."

మంచం మీది ముసలాయనకు ఇంకా తృప్తి కలగలేదు. "ఎందుకురా వద్దన్నవ్? గంత మంచి సంబంధం!"

మల్లేశం నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. "పిల్ల మంచిదే కావచ్చు తాతా. గని ఈ బామ్మర్దిని చూసినవా? ఊర్ల కాలు వెట్టిన కాడికెళ్ళి ఏదో ఒకటి అడుగుతనే ఉన్నడు. తాగుతవా, యాడ తిరుగుతవ్, ఎవలతోని తిరుగుతవ్. గిసొంటోడు ఇంట్లకొస్తే బతుకంత జవాబులు జెప్పుకుంట కూసోవాలె!"

ముందు ముసలాయన నవ్వాడు. తర్వాత వాకిలంతా నవ్వింది. చాయ్ దుకాణం ఆయన అందరికంటే గట్టిగా నవ్వుతూ, "నిజమే, నన్ను గూడ మస్తు అడిగిండు!" అన్నాడు. నర్సయ్య నా చెయ్యి వదిలేసి మల్లేశాన్ని గుండెకు అదుముకున్నాడు. "సర్కారు నౌకరోని చెల్లెను వద్దని నా బిడ్డను కోరిండు! ఇసొంటి అల్లుడు ఏడ దొర్కుతడు?" అని ఊరంతా వినపడేలా అన్నాడు. లగ్గానికి ఆ పూటే మాట ఖాయం చేసుకున్నారు.

నేను తలవంచుకుని సైకిలెక్కబోతుంటే లచ్చవ్వ జాలిపడి, మిగిలిన కోడికూర చిన్న గిన్నెలో కట్టిచ్చింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. మీ చెల్లెకు ఇంకో పిలగాడు దొర్కుతడు" అంది. ఆ సంగతి ఆ చుట్టుపక్కలంతా పాకింది. ఆ తర్వాత నేను పని మీద గచ్చిబౌలి వెళ్ళినా, కొండాపూర్ వెళ్ళినా ఎవరో ఒకరు ఆపి, "మీ చెల్లెకు కుదిరిందా?" అని అడిగేవారు. సంక్షిప్తంగా మా అమ్మకు ఉత్తరం రాస్తే, మా చెల్లెలు దాని అడుగున ఒకే ఒక్క వాక్యం రాసి పంపింది: "సైకిలు దొంగ నన్ను వద్దన్నాడా?"

పెళ్ళికి నన్నూ పిలిచారు. వెళ్ళకపోతే కుళ్ళుకున్నాడంటారని వెళ్ళాను. మల్లేశం ఇంటి ముందు పందిట్లో అందరూ నాకు ప్రత్యేకంగా మర్యాద చేశారు, ఇంట్లో చావు జరిగినవాడికి చేసినట్టు. భోజనాలయ్యాక మల్లేశం నన్ను కొత్త పెళ్ళికూతురి దగ్గరకు తీసుకెళ్ళాడు.

"సారూ, యాదమ్మకు అన్నీ జెప్పిన. మీరెవరో ఆమెకు ఎరుకే."

నా గుండె తేలికైంది. కనీసం ఈ ఇంట్లో ఒక్కరికైనా నిజం తెలుసు. యాదమ్మ పీట మీద తల వంచుకుని కూర్చుని ఉంది. ఇక నా ఉద్యోగధర్మం గుర్తొచ్చి, మేజిస్ట్రేటుగారంత గంభీరంగా గొంతు పెట్టాను.

"చూడమ్మా, నీ మొగుడు మంచివాడు. వాణ్ణి చెడగొట్టినవాడు ఇంకొకడున్నాడు. ఆ సైకిలు వెనక గొంగడి కప్పుకుని కూర్చున్న వెధవ. వాణ్ణి మాత్రం ఈ గడప తొక్కనివ్వకు. వాడితో పొత్తు ఉందని తెలిస్తే మల్లేశానికి జైలే. నీ సంసారం నీ చేతుల్లోనే ఉంది."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. భుజాలు ఊగుతుంటే చూశాను. నవ్వుతోంది.

"ఎట్ల తొక్కనియ్యకుంట సారూ? ఇప్పుడే గద కుడికాలు వెట్టి లోపటికొచ్చిన."

నాకర్థం కాలేదు. మల్లేశం వైపు చూశాను. వాడు పందిరి గుంజ వైపు చూస్తున్నాడు.

"గా దినం లింగంపల్లి బజారుకు పోయిన. మస్తు వాన. మా నాయన గొర్రెలు తోలుకొని వచ్చేటాల్లకు నేను ఇంట్ల లేకుంటే సంపుతడని ఏడుస్తుంటే, గీ పిచ్చోడు ఎవలదో సైకిల్ తీసిండు. నన్ను దించి మల్ల ఆడనే పెట్టొస్తనన్నడు. గొంగడి మా నాయనదే" అని ఇంకా తల వంచుకుంది యాదమ్మ. "చేన్ల పడి ఉరికింది నేనే సారూ."

ఎవరితో పొత్తు లేకుండా చూడమని కోర్టువారు నాకు అప్పగించారో, ఆ మనిషికే మా చెల్లెలి పరువు పణంగా పెట్టి, కోడికూర సాక్షిగా, మల్లేశాన్ని జీవితాంతం ముడిపెట్టేశాను. తాళిబొట్టు పసుపు ఇంకా ఆరలేదు. నాకు మాత్రం చెమట ఆగలేదు.

ఆ నెల నివేదికలో, గొంగడి మనిషితో సంబంధం ఉందా అన్న చోట చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి, "గొంగడి కప్పుకున్న మనిషి మళ్ళీ ఎక్కడా కనిపించలేదు" అని రాశాను. అబద్ధం కాదు. నేను చూసినప్పుడు ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకుని ఉంది. మా పెద్దాఫీసరు చదివి, "భేష్, వాళ్ళలో బాగా కలిసిపోయావయ్యా" అని మెచ్చుకున్నాడు.

ఆ రోజే మా చెల్లెలు అల్లి పంపిన స్వెట్టరు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ ఊరి గుమ్మంలోనైనా సరే, ఎంత ముసలావిడైనా సరే, నీకు చెల్లెలుందా అని అడిగితే, ముందు ఆ ఇంటి కోడి ఇంకా వాకిట్లోనే తిరుగుతోందో లేదో చూసుకుని గానీ జవాబు చెప్పను.